కార్పెట్ బండి, కళ్లాపి ట్రాక్

నేను ఒక బగ్గీని. బొమ్మకారు అన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నాను. అసలు కారులో పదోవంతు ఉంటాను. బ్యాటరీతో నడుస్తాను. మంచె మీద నిలబడినవాడు చేతిలో రిమోట్ పట్టుకుని నన్ను మట్టి ట్రాక్ మీద పరుగెత్తిస్తాడు, గుట్టల మీంచి దూకిస్తాడు. పందెం కోసం పుట్టినదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడెక్కడున్నానంటే, రాజమండ్రిలో ఒక టైల్స్ షోరూములో, అద్దాల అరలో ఉన్నాను. ఎడమవైపు ఒక తెల్ల కమోడ్, కుడివైపు ఒక లేతగులాబీ రంగు కమోడ్. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వు రాకపోవచ్చు.

నేను ఎక్కడో చలిదేశంలో తయారయ్యాను. అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చాను. మాలో రకాలున్నాయి. వెనక రెండు చక్రాలు మాత్రమే లాగేవి కొన్ని, నాలుగూ లాగేవి కొన్ని. మట్టికి చేసినవి వేరు, పెద్ద హాళ్లలో కార్పెట్ పరిచి నడిపేందుకు చేసినవి వేరు. నేను రెండు చక్రాలదాన్ని, కార్పెట్ కోసం చేసినదాన్ని. ఆ సంగతి పెట్టె మీద వేలెడంత అక్షరాల్లో రాసి ఉంది. ఉపేంద్ర దాన్ని చదవలేదు.

ఉపేంద్ర నా యజమాని, ఈ షోరూము ఓనరు. బండి ఎంచుకునేవాడు మొదట అడగాల్సింది ఏ నేల మీద నడపాలి అని. రెండోది, ముక్క విరిగితే మన ఊళ్లో దొరుకుతుందా అని. ఈయన రెండూ అడగలేదు. అన్నింటికంటే ఖరీదైనది ఏదని అడిగాడు. నాకంటే ముందు ఇలాగే అడిగి ఒక నాలుగు చక్రాల బగ్గీని తెప్పించాడు. కడియం క్లబ్బులో రెండు చక్రాల బళ్లకే పందెం అని దాన్ని మోసుకెళ్లాక తెలిసింది. పాపం, అది అటకెక్కింది. ఆ తర్వాత నన్ను తెచ్చాడు.

కడియంలో ఎటు చూసినా పూలమొక్కల నర్సరీలే. అందులో ఒకటి గోవిందరాజులు గారిది. అరవై దాటిన పెద్దమనిషి. నర్సరీ వెనక ఖాళీగా ఉన్న ఎకరంలో ఎర్రమట్టి గుట్టలు పోయించి, పాత నీళ్లపైపులు గట్లుగా పరిచి క్లబ్బుకు ట్రాక్ చేయించాడు. దుమ్ము లేవకుండా ఉండటానికి ఆయనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి కళ్లాపి. పందెం రోజు పొద్దున్నే డ్రమ్ములతో పేడనీళ్లు కలిపించి, ముంగిట్లో చల్లినట్టు ట్రాక్ అంతా చల్లిస్తాడు. కార్పెట్ కోసం పుట్టిన నేను మొదటిరోజు ఆ పేడలో దొర్లి లేచాను. చక్రాల సందుల్లో, గేరుపెట్టె కింద, అద్దంలా మెరిసే నా పైమూత మీద, అంతా పేడే. అప్పుడే రోత పుట్టింది. అసలు రోత అది కాదని తర్వాత తెలిసింది.

ఉపేంద్రకు నన్ను ట్యూన్ చేయడం అంటే సరదా. ఫోనులో ఎవరో విదేశీ ఛాంపియన్ తన బండికి పెట్టుకున్న కొలతల పట్టీ దొరికింది. అది చూసి షాకబ్జార్లలో నూనె మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, చక్రాల వాలు మార్చాడు, మోటారు పళ్లచక్రం మార్చాడు, టైర్లు మార్చాడు. అన్నీ ఒకే గంటలో. ట్రాక్ మీదికి వదిలితే నేను తాగినవాడిలా ఊగాను. ఐదింటిలో ఏది చెడగొట్టిందో ఆయనకెలా తెలుస్తుంది? ఒకటి మార్చాలి, నడపాలి, చూడాలి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోవాలి. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

నోరున్న మనిషి ఒకామె ఉంది. సత్యవేణి. నలభై ఏళ్లుంటాయి. కడియపులంకలో నీళ్ల మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆమెదే. మూడేళ్ల కిందట నర్సరీ మోటారు బాగుచేయడానికి వచ్చి, బగ్గీల పరుగు చూసి అక్కడే నిలబడిపోయింది. అప్పట్నుంచి ప్రతి పందేనికీ వస్తుంది. నడపడానికి కాదు, మార్షల్‌గా. బండి బోల్తా పడితే మలుపు దగ్గర నిలబడినవాళ్లు పరుగున వెళ్లి ఎత్తి నిలబెట్టాలి. వాళ్లనే మార్షల్ అంటారు. ఏ క్లబ్బులోనైనా ఒక పందెం నడిపి దిగినవాళ్లు తర్వాతి పందేనికి మార్షల్స్‌గా నిలబడటం ఆచారం. మన షోరూముల ఓనర్లకు, కాంట్రాక్టర్లకు ఎండలో నిలబడటం నామోషీ. అందుకని ఆ పని మెల్లగా సత్యవేణి నెత్తిన పడింది. మూడేళ్లలో ఆమె ఎన్ని బళ్లను ఎత్తిందో లెక్కలేదు. పందెంలో ఆమె చేతికి రిమోట్ ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

నా ఊగుడు చూసి ఉపేంద్రతో ఆమే అంది. "బండిది తప్పు కాదండి. ఇలా ఇవ్వండి, నెల్రోజుల్లో దారిలో పెడతాను."

"పెట్టమ్మా. నా బండిని ఫైనల్‌కి తెచ్చేవంటే ఫైనల్ నువ్వే నడుపుదువుగాని," అన్నాడు ఉపేంద్ర. గోవిందరాజులు గారి ఎదురుగానే అన్నాడు. మా క్లబ్బులో పందేనికి నడిపేవాళ్ల పేరు కాకుండా బండి పేరు రాస్తారు కాబట్టి అలా నడపడానికి అడ్డేమీ లేదు.

ఆ మాట విని సత్యవేణి మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. ఆ నెలరోజులే నా జీవితంలో నేను బతికిన రోజులు. వైండింగ్ చుట్లు రాసుకునే పొడుగు పుస్తకంలో వెనక పేజీల నుంచి నా సంగతులు రాయడం మొదలుపెట్టింది. ఒక రోజు నూనె మాత్రమే మార్చేది. మర్నాడు నేలకూ నా పొట్టకూ మధ్య ఎత్తు మాత్రమే తగ్గించేది. పరుగు ఆపగానే మోటారు మీద వేలి వెనకభాగం ఆనించి వేడి చూసేది. కళ్లాపి గుట్టు కూడా ఆమే పట్టింది. పేడనీళ్లు ఆరాక పైన గట్టి పొర కడుతుంది. పొద్దున్న దానిమీద చక్రాలు కొంచెం జారతాయి. బళ్లు తిరిగి తిరిగి రబ్బరు రుద్దుకునేసరికి మధ్యాహ్నానికి నేల జిగురులా పట్టేస్తుంది. అందుకని ఫైనల్‌కి అరిగిన టైర్లు, చిక్కటి నూనె, తక్కువ ఎత్తు కావాలని తేల్చింది. ఆ టైర్లు అరగడానికి నాలుగు ఆదివారాలు నన్ను సిమెంటు గచ్చు మీద తిప్పింది.

పందెం రోజు పొద్దున్న ప్రాక్టీసులో ఉపేంద్ర నన్ను పైపుకేసి కొట్టాడు. నా వెనకచక్రాన్ని పట్టుకునే కడ్డీ విరిగింది. సత్యవేణి సైకిల్ పుల్ల కోసి మర కొట్టి, కొత్త కడ్డీ చేసి, కళ్లతోనే కొలిచి బిగించింది. ఎంత పొడుగు పెట్టిందో పుస్తకంలో రాసుకునే వ్యవధి కూడా లేదు. అది పాతదానికంటే బాగా కుదిరింది. చివరికి ఉపేంద్ర నడిపినా నేను ఫైనల్‌కి చేరాను. అంటే ఆమె పనితనం ఏపాటిదో చూసుకోండి.

మధ్యాహ్నం ఫైనల్‌కి పావుగంట ముందు సత్యవేణి మొహం కడుక్కుని, జడ ముడేసుకుని మంచె దగ్గరికొచ్చింది. రిమోట్ కోసం చెయ్యి చాపింది. ఉపేంద్ర రిమోట్ వెనక్కి తీసుకున్నాడు.

"ఏమనుకోకమ్మా సత్యవేణీ. తణుకు నుంచి మా బావమరిది వాళ్లు వచ్చేరు. ఇంతమందిలో నువ్వు పైనెక్కి నేను కింద నిలబడితే బాగోదు కదా. వచ్చేసారి చూద్దాంలే."

ఆమె చాపిన చెయ్యి దించుకుంది.

"మీ బండండి. మీ ఇష్టం," అంది. "టైర్లు మాత్రం మార్చకండి. మధ్యాహ్నం నేల పట్టేస్తాదండి. కొత్తవేస్తే మలుపులో తిరగబడిపోద్ది."

"నాకు తెల్దా ఏంటి?" అన్నాడు ఆయన. ఆమె వెళ్లి మూడో మలుపు దగ్గర మార్షల్‌గా నిలబడింది.

ఆమె అటు వెళ్లగానే బావమరిది నన్ను చేత్తో పైకెత్తి చూశాడు. "ఇదేంటి బావా, గుండులాగా అరిగిపోయిన టైర్లేసేవు?" అని ఇకిలించాడు. అంతే. ఉపేంద్ర గబగబా పొడుగు ముళ్ల కొత్త టైర్లు తీసి బిగించాడు. టైర్లు ఎలాగూ మార్చాను కదా అని ఛాంపియన్ పట్టీ ప్రకారం పల్చటి నూనె పోశాడు, స్ప్రింగులు తిప్పి నన్ను ఎత్తు చేశాడు. నెలరోజుల పని పది నిమిషాల్లో పోయింది. ఒక మనిషి ఇకిలింపు కోసం ఇంకొక మనిషి మాట ఇలా నేలపాలు కావడం చూసి నాకు పరమ అసహ్యం వేసింది.

పందెం మొదలైంది. మొదటి రెండు మలుపులూ ఎలాగో తిరిగాను. మూడో మలుపులో కొత్త ముళ్లు నేలను పట్టేశాయి, పొట్ట ఎత్తుగా ఉంది, షాకబ్జార్లు మెత్తగా కూలబడ్డాయి. వెల్లకిలా పడ్డాను. బండి పడగానే రిమోట్ మీద చక్రాలను తిప్పే మీట, ట్రిగ్గర్, వదలాలి. ఇది ఈ ఆటలో మొట్టమొదటి నియమం, ఎందుకంటే ఎత్తేవాళ్ల వేళ్లు చక్రాల దగ్గరే ఉంటాయి. ఉపేంద్ర వదల్లేదు. నా వెనక చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. సత్యవేణి పరుగున వచ్చి నన్ను ఎత్తి సరైన దిక్కుకు నిలబెట్టింది. క్షణం కూడా ఆలస్యం చేయలేదు. తనకు చేసిన మోసానికి బదులుగా కాస్త తాత్సారం చేసినా అడిగేవాడు లేడు. ఆమె చేయలేదు.

రెండో రౌండులో మళ్లీ అక్కడే పడ్డాను. మూడో రౌండులో మళ్లీ. నాలుగోసారి కొత్త టైరు ముళ్లు ఆమె రెండు వేళ్లను కోసేశాయి. రక్తం నా మూత మీద, దానిమీద రాసిన షోరూము పేరు మీద పడింది. ఆ చక్రాలు నావి. నేనే కోశాను. ఆపుకునే శక్తి నాకు లేకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే రోత.

"ఉపేంద్ర గారూ, ట్రిగ్గర్ వదలండి! అమ్మాయి చెయ్యి తెగింది!" అని గోవిందరాజులు గారు అరిచారు.

మంచె మీంచి ఉపేంద్ర కూడా అరిచాడు. "తొందరగా ఎత్తమ్మా! టైమ్ పోతంది!"

ఆమె ఎత్తింది. రక్తం కారుతున్న చేత్తోనే ఎత్తి నిలబెట్టింది. ఆరు బళ్లలో నేను ఆరోదాన్ని. కిందికి దిగి ఉపేంద్ర బావమరిదితో ఏమన్నాడో చెప్పనా? "మార్షల్ స్లో అయిపోయిందిరా, లేకపోతేనా!"

ఫైనల్‌కి చేరిన ఆరుగురికీ తలా ఒక కప్పు ఇచ్చారు. పాల్గొన్నందుకు అని దానిమీద రాసి ఉంది. ఆ రాత గోడవైపు తిప్పి ఉపేంద్ర దాన్ని నా పక్కన ఈ అరలో పెట్టాడు. బాత్రూమ్ సామాను కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకూ నన్ను చూపించి, "నేనే ట్యూన్ చేసేనండి" అంటాడు. వాళ్లు తలాడించి కమోడ్ రేటు అడుగుతారు. ఈలోగా ఇంకో బగ్గీ వచ్చింది. నాకంటే ఖరీదైనది. అదీ కార్పెట్ కోసం చేసిందే.

కిందటి శుక్రవారం షోరూము నీళ్ల మోటారు కాలిపోతే సత్యవేణి వచ్చింది. పని ముగించి చేతులు కడుక్కుని నా అర దగ్గరికొచ్చింది.

"ఒకసారి తియ్యనా అండి?"

"తియ్యి, తియ్యి. మన బండేగా," అన్నాడు ఉపేంద్ర.

మన బండట. ఆమె నన్ను అరచేతిలో తిరగేసుకుంది. వేళ్ల మీద రెండు తెల్ల మచ్చలున్నాయి. పనిసంచిలోంచి చిన్న స్టీలు స్కేలు తీసి, ఆ రోజు హడావిడిగా బిగించిన సైకిల్ పుల్ల కడ్డీని కొలిచింది. పొడుగు పుస్తకం తెరిచి ఆ అంకె రాసుకుంది. మెత్తటి గుడ్డతో నా పొట్ట కింద ఎండిపోయిన పేడ తుడిచి మళ్లీ అరలో పెట్టింది.

"దేనికమ్మా కొలతలు?"

"పాత బగ్గీ ఒకటి కొన్నానండి. రంగెలిసిపోయింది గాని మట్టికి చేసినదేనండి. దాని ముక్కలు మన రాజమండ్రిలోనే దొరుకుతాయండి. పొద్దున్న విరిగితే సాయంత్రానికి తిప్పుకోవచ్చు."

ఉపేంద్ర నవ్వాడు. "సరేలే. ఆదివారం మార్షల్‌గా వస్తున్నావు కదా?"

"వస్తానండి. నా పందెం అయ్యాక నిలబడతాను. మీ పందెం అయ్యాక మీరూ నిలబడాలంటండి. నిలబడనోళ్ల పేరు కొట్టేస్తానన్నారు గోవిందరాజులు బాబాయ్‌గారు." గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మిగతాది కూడా చెప్పింది. "మీకు మూడో మలుపు రాసేరండి."

నాలో మంచిదంటూ ఏదైనా ఉంటే అది ఆ పుస్తకంలో ఎక్కి వెళ్లిపోయింది. ఇక్కడ మిగిలింది కమోడ్లకు తోడు ఒక రంగు మూత.

ఆదివారం షోరూముకు సెలవు. ఎవరు గెలిచారో నాకు తెలియదు. సోమవారం ఉపేంద్ర కుడిచేతి రెండు వేళ్లకు కట్టు కట్టుకుని వచ్చాడు. అడిగినవాళ్లకు టైల్ అంచు కోసుకుందని చెప్పాడు. ఏ బండి చక్రాలు కోశాయో నాకు తెలియదు గాని సత్యవేణి బండి మాత్రం కాదు. ఆమె ట్రిగ్గర్ వదిలేస్తుంది.