ఒక్క ఇంటి సగటు

ఆర్డిత్ కోడిగుడ్ల అర ముందు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని, అట్టపెట్టె మీద అంటించిన పసుపుపచ్చ చీటీని గోటితో కొద్దిగా లేపి చూసింది. చీటీ మీద ‘సగం ధర’ అని ఉంది. దాని కింద అసలు ధర. రెంటిలో ఏది రాయాలో తోచక, పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. ఆమెకు అరవై ఆరేళ్లు. కూర్చునేటప్పుడొకసారి, లేచేటప్పుడొకసారి కుడి మోకాలు టక్కుమంటుంది. తొమ్మిదేళ్లుగా మూడు నెలలకొకసారి ఈ అరల ముందు ఇలాగే కూర్చుంటోంది.

ఆమె పని ధరలు రాయడం. కౌంటీ ఆఫీసు ఇచ్చిన కాగితంలో యాభై ఏడు వరసలుంటాయి. రొట్టె, పాలు, గుడ్లు, అరటిపళ్లు, జుట్టు కత్తిరింపు, పళ్లు శుభ్రం చేయించుకోవడం, డాక్టరుకు చూపించుకోవడం, మూడు పడకగదుల ఇల్లు. ఊరంతా తిరిగి ఒక్కోదాని ధర కనుక్కుని ఎదురుగా రాయాలి. ఇలా అన్ని కౌంటీల నుంచీ వెళ్లిన కాగితాలను ఎక్కడో ఎవరో కూడి, భాగించి, దేశంలో ఎక్కడ బతకడం చవకో జాబితా వేస్తారు. పోయినసారి వాళ్లుండే ఓస్లిన్ కౌంటీకి నాలుగో స్థానం వచ్చింది. కోర్టు భవనానికి ఈ చివర నుంచి ఆ చివరకు బ్యానరు కట్టారు. గాలికి దాని ఒక కొస ఊడిపోయి రోజంతా కిటికీలను బాదుతూ ఉంటుంది. మళ్లీ కట్టేవాడు లేడు.

"గైలెన్! సగం రాయనా, మొత్తం రాయనా?" అని కేకేసింది.

గైలెన్ కౌంటరు దగ్గర సబ్బులకు చీటీలంటిస్తున్నాడు. వాళ్ల నాన్న పెట్టిన కొట్టు అది. చిన్నప్పుడు ఆర్డిత్‌తో ఒకే తరగతిలో చదివాడు. శనివారంతో కొట్టు మూసేస్తున్నాడు.

"నీకేది తోస్తే అది రాసుకో. శనివారం దాటితే ఇక్కడ గుడ్లూ ఉండవు, నేనూ ఉండను," అన్నాడు తలెత్తకుండా.

ఆర్డిత్ ఆఫీసుకు ఫోను చేసింది. ఆ పని చూసే కర్‌స్టన్ చిన్నపిల్ల, ముప్పై ఏళ్లుంటాయేమో. మాట మర్యాదగానే ఉంటుంది.

"ఇవాళ ఏ ధరకు అమ్ముతున్నారో అదే రాయండి ఆర్డిత్ గారూ. రూలు అదే కదా."

"కొట్టు ఎత్తేస్తున్నాడమ్మా. అందుకని సగానికిస్తున్నాడు."

"అది వచ్చేసారి సంగతి కదండీ. ఈసారికి మనకు మంచిదే. మొదటి స్థానం కొట్టేసినా కొట్టేస్తాం! పన్నెండు లోపల పంపేయండి. ఒక్క వరస కూడా ఖాళీ ఉండకూడదు సుమండీ, జాబితాలోంచి తీసేస్తారు."

ఫోను స్పీకరులో ఉంది. గైలెన్ అంతా విన్నాడు. చీటీల చుట్ట కౌంటరు మీద పడేసి, "నా కొట్టు చచ్చినా కౌంటీకి లాభమేనన్నమాట. ఏం తెలివమ్మా, ఏం తెలివి!" అన్నాడు.

ఆర్డిత్ గుడ్లకు సగం ధరే రాసింది. రొట్టెకూ సగమే, పాలకూ సగమే. రాసిన ప్రతి అంకెతోనూ కౌంటీ ఇంకాస్త చవకైంది. శనివారం తర్వాత పాలచుక్క కావాలంటే ముప్పై ఎనిమిది మైళ్లు పోవాలి. ఆ మైళ్లు రాయడానికి కాగితంలో వరస లేదు.

అద్దాల తలుపు అవతల, ఎండ పడే చోట, డెల్బర్ట్ మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ధరలకు తిరిగే రోజుల్లో భర్తను ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఆర్డిత్ వెంట తెచ్చుకుంటుంది. కారులోనే కూర్చోబెడితే అతని కాళ్లు పట్టేస్తాయి. అందుకని ఆగిన ప్రతిచోటా దించి, కుర్చీ వేసి, నడుము వెనక తువ్వాలు మడిచి పెడుతుంది. అల్యూమినియం గొట్టాల కుర్చీ అది, ఆకుపచ్చ నవారు పట్టీలది. రెండు పట్టీలు తెగిపోతే, గడ్డిమోపులు కట్టే నారింజరంగు తాడుతో డెల్బర్టే అల్లుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఊరి చివర ధాన్యం గోదాములో బస్తాలూ యంత్రాలూ లాగిన మనిషి. ఛాతీ ఇప్పటికీ వెడల్పే గానీ చొక్కా కాలరులో మెడ ఒకటి సన్నగా మిగిలింది. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచేతి నరం ఉబ్బి, తాడులా లేచి ఉంటుంది. పాదాల వాపుకు బూట్ల లేసులు విప్పే ఉంచుతాడు.

నాలుగేళ్లుగా అతని మూత్రపిండాలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు తొంభై నాలుగు మైళ్ల అవతల పట్నం ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. అంత దూరం తిరగడం ఇంక కుదరదని, ఆస్పత్రి దగ్గర్లోకి మారకపోతే ఏదో ఒక రోజు దారిలోనే అయిపోతుందని డాక్టరు నిరుడే చెప్పాడు. మొన్న శనివారం కారు రేడియేటరు పగిలి సగం దారిలో ఆగిపోయారు. సోమవారం ఆస్పత్రిలో ఖాళీ లేదన్నారు. ఇవాళ మంగళవారం. రెండు గంటలకు వంతు. పన్నెండింటికల్లా బయల్దేరాలి.

ఆర్డిత్ బయటికొచ్చి అతని నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఎలా ఉంది?"

"కాళ్లు నావి కానట్టున్నాయి. మిగతాదంతా దివ్యంగా ఉంది," అన్నాడు. గాలికి కొట్టుకొచ్చిన పసుపుపచ్చ చీటీ ఒకటి అతని వేళ్ల మధ్య ఉంది. దాన్ని కుర్చీ చేతిమీద అంటించి బొటనవేలితో నొక్కాడు. "ఇదిగో, నా ధర కూడా రాసుకో. సగానికే. లోపల సామాను కొంత పాడైంది కాబట్టి బేరమాడితే ఇంకా తగ్గుతాను."

"సంబడం! నిన్నెవరు కొంటారు?"

"ఇల్లే కొనేవాడు లేడు, నేనో లెక్కా!" అని నవ్వి, ఆ నవ్వుకే ఆయాసపడ్డాడు. కాస్త తేరుకుని, "లోపల అరటిపళ్లు కూడా సగమేనా?" అని అడిగాడు.

"నీకెందుకు? నీ జబ్బుకు అరటిపండు విషమని డాక్టరు చెప్పలేదూ? ముడితే చస్తావు."

"ఒక్క ముక్క, ఆర్డీ. నాలుగేళ్లయింది."

"నోర్మూసుకుని ఎండలో కూర్చో. ఇంకో గంటలో పోదాం."

ఆమె లోపలికొచ్చి కౌంటరు మీద కాగితం పరుచుకుంది. మిగిలిన వరసలకు తిరగక్కర్లేదు, తిరగడానికి అక్కడేమీ లేవు. క్షవరం దుకాణం రెండేళ్ల కిందట మూతపడింది. ధర దొరకని చోట పోయినసారి ధరే రాయాలని రూలు. పళ్ల డాక్టరు ప్రూయిట్ పోయి రెండేళ్లయింది. అయినా ఆయన ఫీజు కాగితంలో అలాగే ఉంది, ఎనిమిదిసార్లుగా పైసా పెరగలేదు. చచ్చినవాడు రేటు పెంచడు కదా. డాక్టరుకు చూపించుకోవడమన్న వరసలో, గురువారాల్లో మాత్రం తెరిచే క్లినిక్కు రేటు రాసింది. ఒకప్పుడు ఆర్డిత్ దాని పక్కన, అంచు మీద, ‘పట్నం రానూ పోనూ 188 మైళ్లు’ అని చిన్నక్షరాలతో రాసింది. వరసలో లేనిది రాయకూడదండీ అని కర్‌స్టన్ దాన్ని కొట్టేసింది.

ఇక మిగిలింది ఇల్లు. మూడు పడకగదుల ఇంటి సగటు ధర. ఆ వరస దగ్గరికి రాగానే ప్రతిసారీ ఆమె చెయ్యి ఆగుతుంది. ఊళ్లో పడిపోయిన ఇళ్లు బోలెడున్నాయి. అమ్మకానికి నిలబడి ఉన్న మూడు గదుల ఇల్లు మాత్రం ఒక్కటే. అది తనదే. సగటంటే ఆ ఒక్క ఇంటి ధరే. మొదట అరవై నాలుగు వేల డాలర్లని రాసింది. డెల్బర్ట్ చేత్తో వేసిన వరండాకు, ఇద్దరూ కలిసి పాతిన తొమ్మిది యాపిల్ చెట్లకు అది ఎక్కువేమీ కాదు. ఆ అంకెతో కౌంటీ పదకొండో స్థానానికి జారిపోయింది. "మీరు కాస్త తగ్గిస్తే మీకూ తొందరగా అమ్ముడుపోతుంది, కౌంటీకీ మేలు," అంది కర్‌స్టన్. ఆ మాట నిజమేననుకుని తగ్గించింది. యాభై అయిదు, నలభై ఎనిమిది, నలభై ఒకటి. చూడటానికి కూడా ఎవడూ రాలేదు. నలభై ఒకటి వస్తే పట్నంలో ఆస్పత్రి వెనక రెండు గదుల వాటాకు రెండేళ్ల అద్దె వెళ్లిపోతుంది. డాక్టరు అతనికిచ్చిన కాలం కూడా దాదాపు అంతే. అదీ ఆమె వేసుకున్న లెక్క.

పదకొండున్నరకు ఫోను మోగింది. కొత్త నంబరు.

"ఆర్డిత్ గారేనా అండీ? నా పేరు బ్రైస్. డెన్వర్ నుంచి మాట్లాడుతున్నాను. నాది ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం. జాబితాలో మీ కౌంటీ పేరు చూశాం. ప్రకటనలో మీ ఇల్లు మాకు నచ్చింది."

ఆర్డిత్‌ ఫోను చెవికి అదుముకుంది. అమ్మకానికి పెట్టిన పద్నాలుగు నెలల తర్వాత మొదటి మనిషి. గైలెన్ వైపు చూసి కళ్లెగరేసింది. అతను చీటీలంటించడం ఆపేశాడు.

"నలభై ఒక్క వేలు, బాబూ. ఎప్పుడొచ్చి చూస్తారు?"

"చూడక్కర్లేదండీ, ఫోటోలు చాలు. కానీ ఒక్క మాట. మీ కౌంటీ లెక్కల్లో మూడు గదుల ఇంటి సగటు కూడా నలభై ఒకటే ఉంది. సగటు ఇల్లంటే కప్పు బాగుండాలి కదా. మీ కప్పు మార్చాలి. అలాంటప్పుడు మీ ఇల్లు సగటు కంటే తక్కువే పలకాలి. ముప్పై మూడిస్తాను, ఈ వారంలోనే."

ఆర్డిత్‌ పెన్ను కింద పెట్టింది. ఎదురుగా కౌంటరు మీద తన చేతిరాత కనిపిస్తోంది.

"ఆ సగటు నేనే రాశాను, బాబూ."

"అంటే?"

"ఊళ్లో అమ్మకానికున్నది ఒక్క ఇల్లే. అది మాదే. మా ధరే మీ సగటు."

అతను మర్యాదగానే అన్నాడు. "ఏమోనండీ, నాకదంతా తెలీదు. లెక్కల్లో ఉన్నదాన్ని బట్టే కదా ఎవరైనా అడిగేది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. అబద్ధం ఒక్కటీ రాయలేదు. చెప్పినట్టల్లా, రూలు ప్రకారం, గుండ్రటి అక్షరాలతో తొమ్మిదేళ్లు రాసింది. ఇప్పుడు ఆ రాతే వచ్చి తన గుమ్మం ముందు బేరమాడుతోంది. ముప్పై మూడంటే ఏడాదిన్నర అద్దె. ఏడాదిన్నరైనా మేలే. ఈ తిరుగుడు తప్పుతుంది. శనివారాలు నడిరోడ్డు మీద ఆగిపోవడం తప్పుతుంది. యాపిల్ చెట్లదేముంది, పోతే పోయాయి.

"ఒక్క నిమిషం ఉండండి. మా ఆయన్నడగాలి," అని, ఫోను చేత్తో పట్టుకునే తలుపు తోసుకుని బయటికొచ్చింది.

"డెల్! డెన్వర్ కుర్రాడు. ముప్పై మూడంటున్నాడు. ఇచ్చేద్దామా?"

డెల్బర్ట్ పలకలేదు. టోపీ అంచు కళ్ల మీదికి దిగి ఉంది. గడ్డం ఛాతీని ఆనుకుంది. ఎండ ఒళ్లంతా పరుచుకుంది.

"ఇచ్చేద్దాం డెల్. పట్నం పోదాం. వచ్చే నెలకల్లా ఆస్పత్రి వెనకే ఉంటాం. వింటున్నావా?"

భుజం మీద చెయ్యి వేసింది. చొక్కా ఎండకు వెచ్చగా ఉంది. మెడ అలా లేదు.

ఆర్డిత్ అతని పక్కన నేల మీద కూర్చుంది. మోకాలు టక్కుమంది. అతని విప్పిన బూటు లేసును చేతిలోకి తీసుకుని, ముడి వేయబోయి ఆగిపోయింది.

"హలో? ఉన్నారా అండీ?" అంటోంది ఒళ్లోని ఫోను. కాసేపు ఆగి, "సరే, ముప్పై నాలుగు," అంది. ఇంకాస్త ఆగి, "ముప్పై అయిదు. ఇదే ఆఖరండీ, ఇంక నావల్ల కాదు," అంది. ఆమె ఏమీ అనకపోయేసరికి, బెట్టు చేస్తోందనుకున్నాడో ఏమో, పెట్టేశాడు.

గైలెన్ ఫోను చేశాక పక్క కౌంటీ నుంచి అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. దిగిన ఇద్దరిలో ఒకడు, గోదాములో డెల్బర్ట్ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఛాతీ మీద చెవి ఆనించి, నాడి చూసి, టోపీ తీశాడు. "అమ్మా, తీసుకెళ్లాలి. డాక్టరు చూసి రాస్తేనే పోయినట్టు లెక్క. ఇక్కడ రాసేవాళ్లెవరూ లేరు కదా," అన్నాడు తల వంచుకుని. పట్నం ఆస్పత్రికే తీసుకెళ్తారట. ఈ దూరం చివరిసారి కూడా తప్పలేదు.

గైలెన్ ఏడుస్తున్నాడు. ఏప్రాన్‌తో మొహం తుడుచుకుని, కౌంటరు మీది కాగితం పట్టుకొచ్చాడు. "ఇది ఏం చేయమంటావు, ఆర్డీ? ఇంటి వరస ఖాళీగా ఉంది."

"ఖాళీగానే ఉండనీ."

అని అంది గానీ, ఆమెకూ తెలుసు. ధర దొరకని చోట పోయినసారి ధరే రాయాలి. కర్‌స్టన్ నలభై ఒకటి వేసి పంపేస్తుంది. బ్యానరు మీద నాలుగు తీసేసి ఒకటి పెడతారు.

"గైలెన్, అరటిపళ్లు ఉన్నాయా ఇంకా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"ఉన్నాయి. ఎందుకు?"

"ఏం లేదు. ఒక్క ముక్క అడిగాడు. ఇవ్వలేదు నేను. ఇచ్చినా బాగుండేది."

ఆమెను లోపల, అతని తల దగ్గర కూర్చోబెట్టారు. సైరన్ వేయలేదు, తొందరేముంది కనుక. బండి కదిలాక వెనక అద్దంలోంచి చూసింది. గైలెన్ కొట్టు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోర్టు భవనం మీద బ్యానరు కొస కిటికీలను బాదుతోంది. నేల మీద డెల్బర్ట్ తువ్వాలు పడి ఉంది. దాని పక్కన, ఎండలో, నారింజరంగు తాడుతో అల్లిన ఆకుపచ్చ కుర్చీ, చేతిమీద ‘సగం ధర’ చీటీతో అలాగే వేసి ఉంది.