కారుకు పట్టిన తాగుడు

ఆ కారు కంటే ముందు దాని పొగ వచ్చేది జాలారిపేటకు. వీధి మలుపులో నీలంగా కనబడగానే ఆడవాళ్లు పరుగున పోయి ఎండేసిన చేపల మీద గోనెపట్టాలు కప్పేవారు. ముసలివాళ్లు తువ్వాళ్లతో ముక్కు మూసుకుని కారుని, దాన్ని కనిపెట్టినవాణ్ణి కలిపి తిట్టేవారు. స్టీరింగు ముందు కూర్చున్న రాధ మాత్రం ఇదంతా తనకు స్వాగతమే అన్నట్టు హారన్ మోగించుకుంటూ వచ్చేది. సిగ్గు లేదా అంటే, లేదు. ఎందుకుంటుంది చెప్పండి? పేట మొత్తానికి కారు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే.

అసలు కారు కొన్నదే చేపల గంపల కోసం. గంపతో బస్సెక్కబోతే కండక్టరు మొహం అదోలా పెట్టేవాడు. షేర్ ఆటోవాడు గంపకొక సీటు, మనిషికొక సీటు అనేవాడు. ఈ పాట్లు పడలేక గంగాలమ్మ తన ఇద్దరు కొడుకుల్నీ కూర్చోబెట్టి పాత కారొకటి కొనిపించింది. పొద్దున్న చిన్నకోడలు రాధ, అత్తనీ గంపల్నీ గాజువాక చేర్చాలి. మధ్యాహ్నం రాధ మొగుడు కోటి అదే కారులో హార్బర్‌కు ఐసు తోలాలి. సాయంత్రం పెద్దవాడు ఎల్లాజీ వలల పనికో, ఊరి పనికో తీసుకుపోవాలి. అదీ ఒప్పందం.

ఒప్పందం సంగతి ఎలా ఉన్నా, రాధకు కారంటే పిచ్చి పట్టుకుంది. మల్కాపురం దాటి రోడ్డు కాస్త ఖాళీ అయితే చాలు, గాలి మొహానికి కొట్టి ఆమెకు ఊరికే నవ్వొచ్చేది.

"ఎందుకే ఆ నవ్వు? రోడ్డు సూడు!" అని గంగాలమ్మ వెనక గంపల మధ్య నుంచి కసిరేది.

"ఏటో అత్తా, వొచ్చేత్తంది!"

ఆ నవ్వుకే ఎసరొచ్చింది. శనివారం సాయంత్రం ఎల్లాజీ అరుగు మీద కూలబడి, "ఇంక మనవల్ల గాదు. ఇది ఇంజినాయిల్ తాగడం గాదు, పీపాలకి పీపాలు పీల్చేత్తంది. గాజువాక సుమంతుకి మాటిచ్చేసినాను. రేపొచ్చి అట్టుకుపోతాడు," అన్నాడు. సుమంతు పాత బళ్లు కొని అమ్మే మనిషి.

రాధ చేతిలోని గరిట జారి గిన్నెలో పడింది. రేపటి నుంచి మళ్లీ తలమీద గంప, కాళ్ల కింద రోడ్డు. ఆ గాలి ఉండదు, ఆ నవ్వు ఉండదు.

"బావా, ఒక్కసారి మెకానిక్కు కన్నబాబుకి సూపించి అప్పుడమ్ముదాం. ఒక్కసారే!"

"ఆడేటి సూత్తాడు? ఇంజిన్లో రింగులు పోయినాయి. పొగ సూత్తే తెల్టం నేదా?"

"పోనీ సూపించనీ అన్నియ్యా. పోయేదేటుంది?" అని కోటి నెమ్మదిగా పెళ్లాం వైపు చేరాడు. ఎల్లాజీ విసుక్కుంటూనే సరేనన్నాడు.

ఇక్కడ ఆ ఇంటి కట్టడి ఒకటి చెప్పాలి. గంగాలమ్మ పెనిమిటి బతికున్న రోజుల్లో వాళ్లకు పాత ఇంజిన్ పడవ ఉండేది. దానికి ఎంత పోసినా ఆయిల్ కారిపోయేది. అందుకని పడవ దిగేవాడు ఎవడైనా సరే, ఒక మగ్గుడు ఆయిల్ పోసి మరీ దిగాలని ఆ పెద్దాయన కట్టడి పెట్టాడు. తర్వాత ఎక్కేవాడు నడిసముద్రంలో ఇంజిన్ ఆగి బిక్కచచ్చి కూర్చోకూడదు కదా. ఎంతుందో చూడ్డం, కొలవడం లేవు. పోయడమే. పెద్దాయన పోయాడు, పడవ పోయింది, కట్టడి మాత్రం మిగిలింది. కారొచ్చాక అది కారెక్కింది.

ఆదివారం పొద్దున్న రాధ కారు తుడిచి, బొట్టు పెట్టి, ఆఖరిసారి కదా అని కళ్లొత్తుకుని, బియ్యం డబ్బా వెనక దాచుకున్న సీసా తీసి మగ్గుడు ఆయిల్ పోసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో ఆయిల్ పోయడం దణ్ణం పెట్టుకోవడం లాంటిది, చాటింపు వేసుకోరు. పైగా మొగుడు, బావగారు మరిచిపోయే రకమని ఆమెకు గట్టి నమ్మకం.

మల్కాపురానికి నలుగురూ బయల్దేరారు. దోవ పొడుగునా వెనక బైకులవాళ్లు హారన్ల మీద హారన్లు కొట్టారు. ఒకడు పక్కకొచ్చి, "దోమల మందా అక్కా?" అని అడిగి మరీ పోయాడు. రాధకు ఏడుపొస్తున్నా నవ్వాగలేదు.

షెడ్డులో కన్నబాబు కారు స్టార్టు చేయించి, పొగ చూసి, రెండు తుమ్ములు తుమ్మి, కోటి భుజం మీద చెయ్యేశాడు.

"బావా, రింగులెల్లిపోనాయి. బోరు కూడా అయిపోయుంటది. ఇంజినిప్పాల."

"నాను సెప్పలేదా?" అన్నాడు ఎల్లాజీ.

"ఇప్పకుండా ఓపాలి సూడు కన్నబాబూ," అని రాధ బతిమాలింది. "ఆయిలెంతుందో అదైనా సూడు."

"ఏటుంటదక్కా? అంతా తాగేసుంటది. సుక్కుండదు, సూడు కావాలంటే!" అంటూ కన్నబాబు ఆయిల్ చూసే పుల్లను సర్రున లాగాడు.

పుల్ల మొదలంటా తడిసి ఉంది. ఉండాల్సిన గీత ఎక్కడో అడుగున మునిగిపోయింది. కన్నబాబు తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ అంతే. మూడోసారి ముంచి, తన చొక్కాకే తుడిచాడు, చొక్కా పాడైందని కూడా చూసుకోలేదు. కారు కిందకు దూరి అడుగు నట్టు విప్పాడు.

ఆయిల్ దూకింది. కింద పెట్టిన పళ్లెం నిండింది. "ఇంకోటి!" అని కేక. కోటి బకెట్టు తెచ్చాడు. కారుతూనే ఉంది. "ఓరి బాబో, ఇంకోటి ఎయ్యండ్రా!" ఎల్లాజీ ఐసు డబ్బా లాక్కొచ్చాడు. గంగాలమ్మ నోట్లో నిప్పు లోపలికి పెట్టుకున్న అడ్డపొగ చుట్ట అలాగే ఉండిపోవడం చూసి కన్నబాబు కారు కింద నుంచే, "అమ్మమ్మా, సుట్ట తియ్యి, అందరం పోతాం!" అని అరిచాడు. ఆమె చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది.

కన్నబాబు బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. మొహమంతా ఆయిలే.

"ఎవులు పోసినారర్రా ఇంత?"

"రోజూ మగ్గుడే పోత్తన్నాను," అన్నాడు కోటి.

ఎల్లాజీ గిర్రున తిరిగాడు. "నువ్వెందుకు పోసినావురా? నాను పోత్తన్నాను గదా! నువ్వు మర్సిపోతావనే గదా నాను రెండు మగ్గులు పోత్తన్నాను!"

"రెండా?" అన్నాడు కన్నబాబు.

"నానూ..." అంది రాధ. ముగ్గురు మగాళ్లూ ఆమె వైపు తిరిగారు. "మీరిద్దరూ పొయ్యరనుకున్నాను. ఇయ్యాల కూడా పోసినాను."

అప్పటికి గంగాలమ్మ మెల్లగా షెడ్డు గుమ్మం దాకా జరిగింది.

"అమా! ఎక్కడికెల్తన్నావు?" అన్నాడు ఎల్లాజీ.

"గాలాడక," అంది గంగాలమ్మ. ఎవరూ కళ్లు తిప్పకపోయేసరికి ఆమెకే పౌరుషం వచ్చింది. "అవున్రా, పోసినాను! మీ ముగ్గురికీ మతిమరుపు. మీ అయ్య పెట్టిన కట్టడి నాను గాపోతే ఎవులు సూత్తారు? మీరు నెగకముందే ఓ సెంబుడు పోసొచ్చేదాన్ని."

"సెంబుడా!" అని కన్నబాబు ఉన్నచోటే టైరు మీద కూలబడ్డాడు. ముందు నవ్వు మొదలెట్టింది అతనే. తర్వాత కోటి గోడకానుకుని జారిపోయాడు. రాధ డొక్కలు పట్టుకుంది. గంగాలమ్మ "నవ్వండి, నవ్వండి" అంటూ కోప్పడబోయి, తానే పమిట నోట్లో కుక్కుకుని వంగిపోయింది. ఎల్లాజీ ఒక్కడే కాసేపు బిగబట్టాడు గాని ఐసు డబ్బా వంక చూసేసరికి అతని వల్లా కాలేదు.

ఊపిరి తీసుకుని కన్నబాబు విషయం చెప్పాడు. ఆయిల్ ఎక్కువైతే ఇంజిన్ దాన్ని గిలక్కొట్టి పైకి చిమ్ముతుంది. అలా పైకెక్కింది పెట్రోలుతో కలిసి మండి పొగవుతుంది. పొగ చూసి వీళ్లు ఆయిల్ తగ్గిందని ఇంకా పోశారు. పోసినకొద్దీ పొగ, పొగకొద్దీ పోత. "ఇది తాగుబోతు గాదు. మీరే దాని నోరు తెరిసి పోసేసినారు. ఇన్నాళ్లు బతికుండడం గొప్ప!" అన్నాడు.

కొత్త ఆయిల్ గీత దాకా పోసి స్టార్టు చేశారు. ముందు గుప్పుమని పొగొచ్చింది. రానురాను పలచబడింది. కాసేపటికి అదీ పోయింది. రాధ వెనక్కి పోయి పైపు ముందు అరచెయ్యి పెట్టి చూసింది, వేడి గాలి తప్ప ఏమీ తగల్లేదు. షెడ్డులోనే ఎగిరి గంతేసింది.

"మంచిదే అయ్యింది," అన్నాడు ఎల్లాజీ వెనక సీట్లో ఎక్కుతూ. "సుమంతుకి మంచి బండే అప్పగించినట్టవుద్ది."

"ఇంకా అమ్ముతావా బావా?"

"మాటిచ్చేను గదమ్మా. మాట మాటే."

రాధకు గంతులన్నీ కాళ్లలోనే చచ్చాయి. మొగుడి వైపు చూస్తే కోటి అన్నకెదురు చెప్పలేక తల దించుకున్నాడు. గంగాలమ్మ మాత్రం ఎప్పుడూ లేనిది ముందు తలుపు తీసి రాధ పక్కన కూర్చుంది.

పేట మలుపులో సుమంతు రోడ్డు మధ్యకొచ్చి చెయ్యెత్తి నిలబడ్డాడు.

"అడుగో, ఆపు," అన్నాడు ఎల్లాజీ.

రాధ కాలు బ్రేకు మీదకు వెళ్లింది. ఏడుపు కళ్లదాకా వచ్చింది.

"ఆపకే," అంది గంగాలమ్మ.

"అమా, మాటిచ్చేను!"

"నువ్విచ్చినావు. సరంగుని అడిగినావా?"

"సరంగెవులు?"

"పడవ నడిపే సరంగు ఒక్కడే ఉండాల్రా. నలుగురైతే ఏటవుద్దో ఇందాక బకెట్టుల్లో సూసినాం గదా. ఈ బండికి ఇయ్యాల్టినుంచి రాధే సరంగు. ఆయిల్ పోసినా అదే, మానినా అదే. ఆపాలో వొద్దో కూడా దానిష్టమే. ఇంకెవులు మగ్గట్టుకున్నా సెయ్యిరిసేత్తాను. నా సెయ్యితో కలిపి."

ఆడది పడవలో కాలు పెట్టకూడదని పుట్టినప్పటినుంచి విన్న రాధకు ఆ మాట వెంటనే చెవికెక్కలేదు. ఎక్కాక ఒళ్లంతా ఝల్లుమంది. వెనక నుంచి ఎల్లాజీ, "మరి ఇయ్యమ్మా గేసు, సూత్తావేటి?" అని గొణిగాడు.

రాధ కాలు బ్రేకు మీంచి తీసింది. సుమంతు పక్కకు దూకాడు. కారు అతన్ని దాటి, ఇల్లు దాటి, ఎండుచేపల్ని దాటి, ఊరికే సముద్రం ఒడ్డు రోడ్డు వైపు తిరిగింది. రాధ పగలబడి నవ్వుతోంది. వెనక పొగ లేకపోవడంతో, ఇంకా చెయ్యెత్తే ఉన్న సుమంతు అద్దంలో చాలా దూరం దాకా స్పష్టంగా కనిపించాడు.