గడపకు కొట్టిన టంకం

మునుస్వామి చెట్టికి తోడల్లుడు నాగరాజన్ అంటే కడుపుమంట. మామూలు మంటా అది! పాత వెండి నాణెం అసలుదో నకలుదో తేల్చాలంటే పుదుచ్చేరి బజారులో నిన్నమొన్నటిదాకా మునుస్వామే దిక్కు. ఆ విద్య నాగరాజన్‌కు నేర్పిందీ తనే. ఇప్పుడు నాణేలు పోగుచేసే ఫ్రెంచి దొర ఆ నాగరాజన్‌కే కబురు పెడుతున్నాడు. దొరకు మన మాట ఒక్క ముక్క రాదు, వీడికి నాలుగు ఫ్రెంచి ముక్కలొచ్చు. అదీ వీడి గొప్ప!

"మా చెల్లెలి మొగుడు దొర పక్కన పోతావుండాడు, చూస్తిరా?" అంది భార్య హేమావతి మురిపెంగా. మునుస్వామికి అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం దొరా, నాగరాజనూ మునుస్వామి అంగడికే వచ్చారు.

"అన్నా, ఇది ఢిల్లీ సుల్తాను నాటి వెండి నాణెం, టంకం. అసలేనని నేను చెప్పినా. నువ్వూ ఒకతూరి చూస్తే దొరకి నిమ్మళం," అన్నాడు నాగరాజన్.

మునుస్వామి నాణేన్ని తిప్పి చూశాడు. అరబ్బీ చదవలేడు గానీ అక్షరాల పోకడ తెలుసు. నకలు చేసేవాడికి ఆ లిపి రాదు, బొమ్మలా చూసి చెక్కుతాడు, గీతలు ఎక్కడికో పోతాయి. ఇందులో ఒక్క గీతా తడబడలేదు. రాతి మీద వేస్తే ఖంగుమంది. అసలు సిసలు వెండి.

ఔనంటే వీడి మాటే నెగ్గినట్టు!

"నకలు. లోపలంతా రాగి," అనేశాడు.

నాగరాజన్ మొహం వాడిపోయింది. ఎదురు చెప్పకుండా దొరకు వినిపించాడు. దొర విసుగ్గా ఏదో అన్నాడు.

"బజారు వాడిక ప్రకారం గడపకి కొట్టేయమంటా ఉండాడన్నా."

దొంగ నాణెమని తేల్చినవాడే దాన్ని తన అంగడి గడపకు మేకేసి కొట్టాలి, మళ్ళీ చేతులు మారకుండా. మేకు దిగితే లోపలి వెండి బయటపడుతుందని మునుస్వామికి తెలుసు. ఇప్పుడు మాట మారిస్తే పరువేంగాను? సుత్తి అందుకున్నాడు.

మేకు మెత్తగా దిగింది. చీలిన చోట ఎరుపు ఇసుమంతైనా లేదు, లోపలా బయటా తెల్లటి వెండే. దొర వంగి చూసి మండిపడ్డాడు. నాగరాజన్ అడ్డం వచ్చి, తన గుండె మీద చెయ్యేసుకుని గబగబా ఏదో చెప్పాడు. దొర అతన్నే తిట్టిపోసి, మునుస్వామికి టోపీ తీసి మరీ వెళ్ళిపోయాడు.

"ఏందిరా చెప్పితివి?"

"నువ్వు అసలేనంటివి, నేనే నీ మాట ఫ్రెంచిలోకి తప్పుగా మార్చినా అని. కొట్టమని దొర చెప్పినందుకే కొడితివని. నాకు విద్య నేర్పినోడివి, నీ పేరు పోతే ఎట్లన్నా? ఇంక దొర నిన్నే పిలిపిస్తాడులే."

మునుస్వామి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కృతజ్ఞత అనుకునేరు, కాదు! దొర దక్కాడు, పరువూ దక్కింది. ఈ మంచితనం మాత్రం మళ్ళీ వీడికే దక్కిందే అని కుళ్ళు.