రింగు మీద కాలు

నా కొడుకు ఉమామహేష్ లారీ టైరుకు గాలి కొట్టేటప్పుడు చక్రం మీద ఒక కాలు వేసి నిలబడతాడు. ఎందుకురా అంటే, మనిషి బరువుంటే రింగు లేవదంటాడు. వాడికి పని నేర్పినాయన కూడా అలాగే నిలబడేవాడట. అందుకని అది తప్పు కాదట.

పాత లారీల చక్రం సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. ఇనప డిస్కు మీదికి టైరు ఎక్కించాక, అది జారిపోకుండా పక్కన ఒక ఇనప రింగు బిగిస్తారు. ఆ రింగు గాడిలో చుట్టూ సరిగ్గా కూర్చోవాలి. ఎక్కడైనా తుప్పున్నా, వంకరున్నా, లోపల గాలి నిండేకొద్దీ ఒక్కసారిగా ఎగిరిపోతుంది. కిందటి వేసవిలో గోవాడ రోడ్డులోని మా షాపులోనే ఎగిరింది. పైన రేకుకు చిల్లు పెట్టి అవతలి దొడ్లో పడింది. ఆ వేళ ఫోనొచ్చి పక్కకు వెళ్ళాడు కాబట్టి వీడు బతికున్నాడు. ఆ చిల్లు చూసి, "ఎలుతురు బాగా వస్తంది" అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు.

నేను ఏడో తరగతితో ఆపేసిన మనిషిని. అయినా కోడలు ఝాన్సీ చేత ఫోనులో వీడియోలు పెట్టించుకుని చూశాను. అందులో వాళ్ళు చక్రాన్ని ఇనప బోనులో పెట్టి, గాలి గొట్టాన్ని క్లిప్పుతో తగిలించి, దూరంగా ఓ పక్కకు నిలబడి గాలి పట్టిస్తున్నారు. ఆ బొమ్మ చూపించి, వెల్డింగు షాపు దేవదానం దగ్గర మొండిగా కూర్చుని లావుపాటి పైపులతో బోను చేయించాను. పొడుగు గొట్టమూ కొనిపించాను. వీడు బోనును షాపు వెనక పడేశాడు. చూస్తుండగానే దాని మీదికి ఆనప పాదు పాకింది. ఝాన్సీ పురికొసలు కట్టి మరీ ఎక్కించింది.

మొన్న పరదేశి అనే డ్రైవరు చెరుకు లోడుతో వచ్చాడు. భారీ మనిషి. వెనక చక్రం పంచరు.

"బేగి కానియ్ బాబూ, సెరుకు ఎండిపోతంది" అంటూ లారీ దిగకముందే మొదలుపెట్టాడు.

ఉమామహేష్ ట్యూబు మార్చి, టైరు ఎక్కించి, రింగు వేసి, చక్రాన్ని నేల మీద పడుకోబెట్టాడు. గాడిలో తుప్పు గీకమని ముందే చెప్పాను. అటొకసారి ఇటొకసారి గీకి చాలన్నాడు.

"ఒరే, బోనులో పెట్టరా."

"బోను మీద ఆనప పాదున్నాది కదమ్మా."

"ఆనపకాయ కోసం సస్తావేట్రా?"

"సావు మాట తప్ప నీ నోట ఇంకోటి రాదేటి? అయినా బోనులో ఎడితే రింగు మీద సుత్తితో ఎలగ తట్టను? కాలుతో తొక్కి నాలుగు దెబ్బలేస్తే అదే కూకుంటాది."

గాలి ఎక్కుతున్న చక్రం మీద సుత్తి దెబ్బలు! వాడు అప్పుడే కాలెత్తి రింగు మీద వేశాడు.

పరదేశి నవ్వాడు. "ఎండు సెరుకు గడలాగున్నావు, నువ్వు తొక్కితే ఏటి ఆగుతాది? జరుగు, నానెక్కుతాను. పిన్నీ, నన్నెగరగొట్టీ రింగు ఇంకా పుట్టనేదు."

చెప్పులు విప్పి నిజంగానే ఎక్కేశాడు. చేతిలో టీ గ్లాసొకటి.

వీళ్ళకు ఇంకేం చెప్పను? ఏడాదిగా చెబుతూనే ఉన్నాను. అరిచాను, ఏడ్చాను, పైడితల్లమ్మకు మొక్కుకున్నాను. వాడికి నా భయం రోజూ మోగే రేడియో అయిపోయింది. ఒళ్ళు మండిపోయింది నాకు. కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, పరదేశి భుజం ఊతగా పట్టుకుని నేనూ ఆ చక్రం మీదికి ఎక్కాను.

"అమ్మా, ఏటిది?" అన్నాడు ఉమామహేష్.

"బరువు కావాలంటన్నారు కదా. నానూ ఉన్నాను. కొట్టు గాలి."

"దిగమ్మా, రోడ్డు మీద జనం సూస్తన్నారు."

"సూడనీ. కొట్టు."

"నీకేటి పిచ్చా? దిగు! ఆ రింగు లెగిసిందంటే నీ కాళ్ళు..."

అక్కడ ఆగిపోయాడు.

"ఊ, సెప్పు. నా కాళ్ళేటవుతాయి?"

గొట్టం పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. పరదేశి వాడి మొహం చూసి, తన కాళ్ళ కిందికి చూసుకుని, టీ ఒలకకుండా మెల్లగా దిగాడు.

"బోనొచ్చేదాకా నాను దిగను" అన్నాను.

ఇద్దరూ వెళ్ళి బోను లాక్కొచ్చారు. పాదు పటపటా తెగింది.

"అత్తా! పిందెలున్నాయి, పిందెలు!" వెనక నుంచి ఝాన్సీ కేకలు.

"పిందెలు మళ్ళీ కాస్తాయే. మొగుడు పాదుకి కాయడు!"

నేను దిగాక చక్రాన్ని బోనులో పెట్టి గాలి పట్టాడు. సగం గాలి ఎక్కేసరికి రింగు ఒక పక్క వేలెడంత పైకి నిలబడింది. వీడు పైపుల సందులోంచి సుత్తి దూర్చబోయాడు. నేను అరిచిన అరుపుకు పక్క షాపువాళ్ళు కూడా బయటికొచ్చారు. చివరికి గాలంతా తీసేసి, చక్రం బయటికి లాగి, రింగు ఊడదీస్తే గాడిలో ఇంత తుప్పు పెచ్చు. మళ్ళీ గీకడం, మళ్ళీ బిగించడం.

"సెరుకు సరే పిన్నీ, నానూ ఎండిపోతన్నాను" అని పరదేశి మూలుగు.

ఈసారి రింగు చుట్టూ సరిగ్గా కూర్చుంది. గాలి నిండింది. ఏమీ ఎగరలేదు. లారీ వెళ్ళిపోయింది.

"సూసేవా, ఏటీ అవనేదు. ఉత్తినే ఇంత గోల సేసేవు" అన్నాడు నా కొడుకు.

ఎగిరితే నేను బతకలేను, ఎగరకపోతే వాడు నమ్మడు.

సాయంత్రం ఇంకో చక్రం వచ్చింది. నేను అప్పుడే కంచం ముందు కూర్చున్నాను. కంప్రెషర్ మోత వినబడగానే ఎంగిలి చేత్తో పరిగెత్తుకొచ్చాను. చక్రం బోనులోనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే, వీడు ఆ బోనుకే వీపు ఆనించి కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"ఒరే! దూరం జరుగు! దాన్నే ఆనుకుని కూకుంటే ఇంక బోనెందుకురా?"

"బోనులో ఎట్టమన్నావు, ఎట్టేను. మళ్ళీ ఏటమ్మా?"

"జరుగు!"

రెండడుగులు జరిగాడు. "సాలా?"

"ఇంకా. ఎదురుగా వొద్దు, పక్కకి."

"ఇంకా జరిగితే రోడ్డు మీద పడతాను."

"అటెందుకురా, లారీలొస్తన్నాయి! ఇటు రా, గోడ కాడికి."

గొణుక్కుంటూ వచ్చాడు. చెయ్యి చెంగుకు తుడుచుకుని నేనూ వాడి పక్కనే నిలబడ్డాను. గోడ వైపు చూస్తే పైనుంచి కిందిదాకా బీట కనబడింది. వాడి చెయ్యి పట్టి గోడకు కూడా దూరంగా లాగాను.