విమానాల బీడు మీద స్కూటీ

“బండి మీదికెల్లి పడితే ఎట్ల బాపూ? తలకు దెబ్బ తాకితే ఎట్ల? బ్రేకు అనుకుని ఇంకోటి తిప్పితే?”

ఆటో ఇంకా మా గల్లీ దాటలేదు. ముందర పక్కింటి రోజా స్కూటీ నడుపుతుంటే నా కూతురు స్నేహలత వెనక కూర్చుని కాళ్లు ఆడిస్తోంది. నేర్చుకోవడం అప్పటికి మొదలే కాలేదు. నా పక్కన మా బాపు లింబయ్య, భుజాన తెల్ల తువ్వాల వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని రోడ్డు వంక చూస్తున్నాడు.

“ఏం కాదులే,” అని నేనే అన్నాను. “నేను వెనక పట్టుకుంట గదా.”

నన్ను కన్న అవ్వ భీమవ్వ పోయినప్పటి నుంచి బాపు మాట్లాడటం లేదు. పోయిన దసరా ముందటి మాట. పక్షవాతమేమోనని భయపడి నిజామాబాదుకు తీసుకుపోయి తలకు ఫోటోలు తీయించాను. డాక్టరమ్మ నాలుక చూసింది, చెవులు చూసింది. నోటికి ఏ రోగమూ లేదు, దుఃఖానికి మాట ఆగింది, మీరు అడుగుతూ ఉండండి, ఏదో ఒకరోజు జవాబు చెప్తాడు అంది. అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. తిన్నవా, నొస్తున్నదా, చలి పెడుతున్నదా, నేనెవరినో ఎరుకేనా. ఒక్క మాట కూడా చెప్పకుండానే ఈయన కూడా అవ్వ వెంట పోతాడేమోనని నా గుబులు. బీడీలు చుడుతున్నా ఒక చెవి ఆయన మంచం వైపే ఉంటుంది.

స్నేహలతకు వర్నిలో రక్తపరీక్షల ల్యాబులో పని దొరికింది. సాయంత్రం ఆలస్యమైతే బస్సు ఉండదు, అందుకే స్కూటీ నేర్చుకుంటానంది. మా ఆయన శేఖర్ ఫోనులో ‘నేర్చుకోనియ్’ అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. భీవండీలో మగ్గాల దగ్గర కూర్చుంటే ధైర్యం బాగానే వస్తుంది. బోధన్‌లో బండి నేర్చుకునేవాళ్లు పోయేది ఊరవతలి విమానాల బీడుకే. అక్కడ మనిషి అడ్డం రాడు, లారీ రాదు. బాపును ఇంట్లో ఒక్కడినే వదిలితే నాకు ప్రాణం నిలవదు కనుక వెంట తెచ్చుకున్నాను.

అది బాపు పనిచేసిన చోటే. చక్కెర ఫ్యాక్టరీ జోరుగా నడిచిన రోజుల్లో పెద్ద సాబులు హైదరాబాదు నుంచి చిన్న విమానాల్లో వచ్చి అక్కడ దిగేవారట. ఆ తరవాత చెరకు తోటలకు పురుగుమందు చల్లే విమానాలు వచ్చేవి. వాటిని నేనూ చూశాను. అవ్వ వెంట బాపుకు అన్నం తీసుకుని పోయేదాన్ని. విమానం దిగే ముందు బీడు మీద ఒక చుట్టు తిరిగేది. ఆ చప్పుడు మా ఎవరికీ వినపడకముందే బాపుకు వినపడేది. లేచి, బర్రెలనూ మేకలనూ మమ్మల్నీ అందరినీ పక్కకు తోలి, గాలి ఎటు వీస్తుందో చూపే గాలిసంచి కట్టిన ఇనుప స్తంభం దగ్గర నిలబడి తెల్లగుడ్డ ఊపేవాడు. గుడ్డ ఊపకపోతే పైలట్ దిగడు, ఇంకో చుట్టు తిరుగుతాడు.

కొన్నాళ్లకు విమానాలు రావడం మానేశాయి. పని అయిపోయిందని బాపుకు ఎవరూ వచ్చి చెప్పలేదు. జీతం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇస్తూనే ఉన్నారు కాబట్టి ఆయనా పోతూనే ఉన్నాడు. మబ్బులు తప్ప ఏమీ లేని ఆకాశం కింద బర్రెలను తోలుతూ ఉండేవాడు. “మీ బాపు ఇయ్యాల మొగులును దించుతడట,” అని అవ్వ నవ్వేది. నవ్వుతూనే సద్ది కట్టేది.

ఇప్పుడక్కడ గాలిసంచి లేదు. స్తంభం మాత్రం తుప్పుపట్టి ఒక పక్కకు ఒరిగి ఉంది. తారు పగుళ్లలో గడ్డి మొలిచింది, అటు చివర సర్కారు తుమ్మలు బాటను కమ్మేశాయి. ఇటు సగం మేర యాసంగి వడ్లు ఆరబోసి అంచులకు రాళ్లు పెట్టారు, మధ్యలో బండి పోయేంత బాట వదిలారు.

రోజా స్కూటీ అప్పజెప్పి, డ్యూటీకి టైమైందని మేం వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది. బాపును స్తంభం పక్కన పట్టా పరిచి కూర్చోబెట్టాను. వడ్లను కాళ్లతో తిప్పుతున్న సతీష్‌బాబు ఆగి చూశాడు. వాళ్ల తాతలు కాలువ నీళ్ల కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆయన పుట్టింది ఇక్కడే గానీ మాట మాత్రం అటుదే.

“ఏమ్మా సవితమ్మా, పాపని కాస్త చూసి తోలమను. నా వడ్ల మీదెక్కిందంటే స్కూటీ నేనే ఉంచేసుకుంటా.”

“రోడ్డు మీద వడ్లు పోసుకుని నా బిడ్డనంటవా అన్నా?”

“ఇది రోడ్డా? మీ బాపుగారి ఎయిర్‌పోర్టు. మా నాన్న చెప్పేవాడు, లింబయ్య గుడ్డ ఊపితేగానీ విమానం దిగేది కాదంట.” సతీష్‌బాబు వచ్చి బాపు ముందర వంగాడు. “ఏం లింబయ్యగారూ, ఇప్పుడు ఊపితే ఏం దిగుతాయి, కొంగలేనా?”

బాపు ఆయన వంక చూశాడు. పెదవి కొద్దిగా కదిలినట్టనిపించింది.

“నీళ్లు కావాల్నా బాపూ?” అన్నాను గబగబా. “ఎండ తాకుతున్నదా? తువ్వాల కట్టాల్నా? తాకుతనే ఉంటది, కట్టుకో.” భుజం మీది తువ్వాల తీసి తలకు చుట్టేశాను.

స్నేహలత స్కూటీ మీద నుంచే అంది. “గిట్లనే చేస్తవమ్మా. నువ్వే అడుగుతవు, నువ్వే చెప్తవు. తాతకు సందేది?”

“సందిస్తే చెప్తడా?”

“ఇచ్చి చూసినవా ఎన్నడన్న?”

సతీష్‌బాబు నవ్వు దాచుకుంటూ భోజనానికని ట్రాక్టరు వైపు నడిచాడు. నాకు కోపం వచ్చింది. కోపంతోనే బండి వెనక కడ్డీ పట్టుకున్నాను.

ఒక చేత కుచ్చిళ్లు, ఒక చేత కడ్డీ, ఉరికాను. “మెల్లగ, మెల్లగ. గుంతున్నది చూడు.”

“గుంత యాడుందే?”

“ఉంటది.”

“నువ్వు పట్టుకుంటే బండి పోతలేదమ్మా. చెయ్యి తియ్యి.”

“తియ్య.”

“నేను పడ గానీ నువ్వు పడతవు.”

అన్నట్టే నా చెప్పు తెగింది. కాలు మడతపడి తూలాను, కడ్డీ చేతిలోంచి జారింది. బండి ఆగలేదు. కొంచెం ఇటు ఊగి, అటు ఊగి, నిలదొక్కుకుని వడ్ల మధ్య నుంచి పోయింది. వడ్లు దాటింది. చున్నీ ఎగురుతూ కాసేపు కనిపించింది, తరవాత తుమ్మల వెనక్కి పోయి అదీ కనపడలేదు.

తెగిన చెప్పు చేత పట్టుకుని బాపు దగ్గరికి వచ్చాను. బండి చప్పుడు సన్నబడింది. సన్నబడి ఆగిపోయింది.

“బాపూ, సప్పుడు ఆగింది. పడ్డదా?”

ఎప్పటిలా ఏం కాదులే అందామని నోరు తెరిచాను. మాట రాలేదు. బండి కింద కాలు, ముళ్లలో ముఖం, పిలిచినా వినేవాళ్లు లేరు. కళ్ల ముందు అన్నీ వచ్చాయి, ఒక్కటీ నోటికి రాలేదు. ఉరుకుదామంటే మడతపడ్డ కాలు మోపనియ్యలేదు. ఆయన పక్కనే పట్టా మీద కూలబడ్డాను.

గాలికి వడ్ల మీది పొట్టు లేస్తోంది. కాలువ వైపు నుంచి బర్రెలు మెల్లగా వచ్చి, రాళ్లు దాటి బాట మీద నిలబడ్డాయి. నేను తుమ్మల వైపే చూస్తున్నాను. బాపు ఊపిరి తీసుకోవడం వినపడుతోంది. అవ్వ పోయాక ఇంతసేపు ఏమీ అడగకుండా నేనాయన పక్కన కూర్చోలేదు.

బాపు తల పక్కకు వంచి చెవి అటు పెట్టాడు. నాకేమీ వినపడలేదు. నేను చుట్టిన తువ్వాలను మెల్లగా విప్పాడు. ఒక చేత్తో స్తంభం పట్టుకుని లేచి నిలబడి, ఆ తువ్వాలను ఒకసారి దులిపాడు.

“వస్తున్నది,” అన్నాడు. గొంతు గరగరలాడింది. “గా బర్రెలను పక్కకు కొట్టు బిడ్డా.”