మూత ఎత్తిన మావయ్య

మావయ్యకి తెలియని పని లోకంలో లేదు. తెలియదని ఒప్పుకోవడం ఒక్కటే రాదు.

ముప్పై ఏళ్ళు చేత్తో వడ్రంగం చేసిన మనిషి. అల్మారా తలుపుల అంచులకి పట్టీ వేయాలంటే ఇంట్లో ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి, రుద్ది రుద్ది అతికించి, మిగిలిన దాన్ని ఉలితో గీసేవాడు. అదే పెట్టెతో అత్తయ్య చీర ఇస్త్రీ చేసుకోబోతే అది అడుగున అంటిన జిగురుతో కొంగు పట్టుకుని వదిలేది కాదు. మొగుడే నయం, తిండి పెడితే కొంగు వదిలేస్తాడని ఆవిడ నలుగురిలోనూ అనేది.

పని పెరిగాక తప్పక ఎడ్జ్ బ్యాండింగ్ మెషీన్ కొన్నాడు. రెండు మంచాలు వరసగా వేసినంత పొడవు. ఒక చివర పలక పెడితే గొలుసు లోపలికి లాక్కుపోతుంది. కాగే జిగురు అంచుకి పూసి, పట్టీ అంటించి, రోలర్లతో ఒత్తి, ఎక్కువైన ముక్కని కట్టర్లతో కోసి, రెండో చివర నున్నగా బయటికి పంపుతుంది. మావయ్య అరగంట చెమటోడ్చి చేసే పని దానికి అర నిమిషం. ఆ ఒక్క కారణానికి ఆయన దాన్ని ఎన్నడూ క్షమించలేదు. ముద్దుగా గాడిద అని పిలిచేవాడు.

గాడిదని తోలడానికి మేనకోడలిని పెట్టుకున్నాడు. అక్క కూతురే. వేరేచోట అలాంటి యంత్రం మీద ఆరేళ్ళు పనిచేసి వచ్చింది. మనిషి పొట్టి, మాట పొడుగు. పొద్దున్నే ఉంగరం తీసి, జడ ముడేసి, చేతులు మోచేతిదాకా మడిచి గానీ స్విచ్ ముట్టుకునేది కాదు. సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని, గొట్టాల్లో గాలి వదిలేసి, కట్టర్లు పూర్తిగా ఆగాయని కళ్ళారా చూశాకే మూత ఎత్తేది. రోలర్ల మీద గట్టిపడ్డ జిగురు చెక్క బద్దతో గీకి, మూలమూలల్లో ఇరుక్కున్న పొట్టు లాగేసి, గొలుసుకి నూనె పెట్టేది. బిడ్డకి లాల పోస్తున్నావా అని మావయ్య వెటకారమాడేవాడు. బిడ్డయితే ఏడ్చి చెబుతుంది మావయ్యా, ఇది చెప్పకుండా వేళ్ళు తీసుకుంటుంది అని ఆమె జవాబు.

మూత దగ్గరే ఇద్దరికీ చెడింది. మూత ఎత్తగానే యంత్రం దానంతటదే ఆగిపోవడానికి అంచున ఒక సెన్సర్ ఉంటుంది. తన సొంత యంత్రం తను తొంగి చూడగానే నోరు మూసుకోవడం మావయ్యకి తల కొట్టేసినట్టుండేది. ఎవరు నూరిపోశారో గానీ, ఆ సెన్సర్ మీద ఒక అయస్కాంతం అంటిస్తే మూత తెరిచినా అది మూసే ఉందనుకుంటుందని పట్టేశాడు. ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండే మామిడిపండు బొమ్మ అయస్కాంతం తెచ్చి అంటించాడు. మేనకోడలు పీకేసింది. మర్నాడు అరటిపండు వచ్చింది. అదీ పీకేసింది. వారం తిరిగేసరికి అత్తయ్య ఫ్రిజ్ బోసిపోయింది, మేనకోడలి డ్రాయరులో పండ్ల దుకాణం వెలిసింది.

ఇక మావయ్య జుట్టు సంగతి. ఆయనకి జుట్టు ఉంది, కానీ ఆయనది కాదు. మీసం నెరిసి, కనుబొమలు నెరిసి, చెవుల్లో వెంట్రుకలు సైతం నెరిసినా నెత్తిమీద మాత్రం ఇరవై ఏళ్ళ కుర్రాడి నలుపు. ఆ విగ్గు సంగతి షాపులో అందరికీ తెలుసు. అందరికీ తెలుసని తెలియనివాడు ఆయనొక్కడే.

ఒక పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌కి అల్మారాలు చేస్తున్న వారమది. తలుపులు మర్నాటికి పంపాలి. మధ్యాహ్నం నుంచి పట్టీ చివర్లు లేచిపోవడం మొదలైంది. మేనకోడలు నాలుగు పలకలు వేలితో తడిమి చూసి, రోలర్లకి జిగురు పట్టేసి ఒత్తిడి సరిగ్గా పడటంలేదని చెప్పింది. ఆపి, చల్లారనిచ్చి, శుభ్రం చెయ్యాలి, ముప్పావుగంట పడుతుంది. మావయ్య ముప్పావుగంటా అని నోరు తెరిచాడు. ఆమె వినిపించుకోలేదు. దారిలో ఉన్న పలకలు బయటికి వచ్చేదాకా చూడమని తాబేలుకి చెప్పి, బద్దా గుడ్డలూ తేవడానికి వెనకగదిలోకి వెళ్ళింది.

తాబేలు అంటే రెండో చివర పలకలు అందుకునే పెద్దాయన. నడకని బట్టి వచ్చిన పేరు. యజమానికి ఎదురుచెప్పే ధైర్యమూ లేదు, పక్కకి తప్పుకునే వేగమూ లేదు.

ఆమె అటు వెళ్ళగానే మావయ్య జేబులోంచి కొత్తగా కొన్న ద్రాక్షగుత్తి అయస్కాంతం తీసి సెన్సర్‌కి అంటించి మూత ఎత్తాడు. గొలుసు తిరుగుతూనే ఉంది. ఏ రోలరు సరిగ్గా ఒత్తడం లేదో కనిపెట్టి, ముప్పావుగంట పని ముప్పై సెకన్లలో తేల్చేసి మేనకోడలికి బుద్ధి చెబుదామని ముందుకి వంగాడు. ఎండాకాలం. నెత్తి చెమట పట్టి ఉంది. విగ్గు జారింది.

అది పోయిపోయి అప్పుడే జిగురు పూసుకుని వస్తున్న పలక అంచున పడింది. రోలర్లు దాన్ని చక్కగా ఒత్తి అతికించాయి. తలుపుకి మీసం మొలిచినట్టు, పలక ఆ జుట్టుతోనే కట్టర్ల వైపు సాగిపోయింది. తెలివున్నవాడైతే నవ్వుకుని వదిలేసేవాడు. మావయ్య చెయ్యి పెట్టాడు.

వెనకగదిలోంచి వస్తున్న మేనకోడలికి ముందు కనిపించింది బట్టతల. అది ఎవరిదో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. బద్ద పడేసి పరుగెత్తి, ఒక చేత్తో ఎర్ర బటన్ గుద్ది, రెండో చేత్తో ఆయన చొక్కా కాలరు పట్టి వెనక్కి గుంజింది. చొక్కా చిరిగింది. ఇద్దరూ నేలమీద కూలబడ్డారు. గొలుసు ఆగింది కానీ కట్టర్లు వెంటనే ఆగవు. ఊపు తగ్గేదాకా తిరుగుతూ విగ్గుని సగానికి కోసి, ముక్కల్ని పొట్టుసంచీలోకి పంపించాయి.

వేళ్ళు అయిదూ ఉన్నాయి. రెండింటికి మాత్రం జిగురు అంటుకుని చురచుర కాలుతోంది. మావయ్య దాన్ని పీకబోయాడు.

"పీకకు," అంది ఆమె. "చర్మం వచ్చేస్తుంది. నీళ్ళ కింద పెట్టు."

కుళాయి దగ్గరికి లాక్కుపోయి, ఆ చెయ్యి చల్లటి నీళ్ళ కింద పెట్టి, మణికట్టు గట్టిగా పట్టుకుని గడియారం చూస్తూ నిలబడింది. ఇరవై నిమిషాలు.

మావయ్యే అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"ఏది?"

"ఇది." కళ్ళతో నెత్తి చూపించాడు.

"తెలుసు మావయ్యా."

"ఎప్పట్నించి?"

"నా స్కూలు రోజుల్నించి. పోయినేడాది ఒక రోజంతా వెనకభాగం ముందుకి తిప్పి పెట్టుకున్నావు కదా."

తాబేలుకి కూడా తెలుసా అని ఆయన అడిగాడు. తెలుసు అని తాబేలే తలుపు దగ్గర్నించి చెప్పాడు. అప్పటికి ఆయన అక్కడికి చేరుకున్నాడు.

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. మావయ్య కుళాయి వైపే చూస్తూ, "ఆ గాడిదని నడపడం నాకు రాదే," అన్నాడు. "కొన్న రోజు నేర్పడానికొచ్చినవాడు చెబుతుంటే అన్నీ తెలిసినట్టు తలూపాను. ఒక్క ముక్క ఎక్కలేదు. పైనుంచి చూస్తే అర్థమవుతుందేమోనని మూత ఎత్తుతుంటా."

"అడిగితే చెప్పేదాన్నిగా."

"నిన్ను అడగాలా? ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని."

"ఇప్పుడు నేనే నీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను," అందామె. ఆయనకి నవ్వొచ్చింది, మంటకి ఆ నవ్వు సగంలో ఏడుపైంది.

ఆసుపత్రిలో జిగురు మెల్లగా తీసి కట్టు కట్టారు. వారం పని చెయ్యొద్దన్నారు. డాక్టరమ్మకి మేనకోడలే ఫోన్ చేసి, తలుపులు రెండు రోజులు ఆలస్యమని చెప్పింది. కారణం మాత్రం యంత్రంలో వెంట్రుక పడిందంది. ఒక్క వెంట్రుకకి రెండు రోజులా అని ఆవిడ అడిగింది. పెద్ద వెంట్రుక అని ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో కూర్చున్న మావయ్యకి ఏమీ తోచక, ఇన్నాళ్ళూ అట్టపెట్టెలో మగ్గిన యంత్రం పుస్తకం తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టాడు. అత్తయ్యకి కష్టాలు మొదలయ్యాయి. మిక్సీ ప్లగ్గు పీకకుండా మూత తియ్యకూడదన్నాడు. ఫ్యాను పూర్తిగా ఆగేదాకా కిందనుంచి కదలనివ్వలేదు. వంటింట్లో వదులు చేతుల జాకెట్టు పనికిరాదన్నాడు. నాలుగో రోజు ఆవిడ మేనకోడలికి ఫోన్ చేసింది.

"మీ మావయ్యని తీసుకుపోతావా, లేకపోతే నేనే ఎక్కడికన్నా పోనా?"

మర్నాడు మావయ్య బోడినెత్తితోనే షాపుకి వచ్చాడు. దారిలో పాలవాడు గుర్తుపట్టలేదట. అదేమంత బాధగా లేదని కూడా చెప్పాడు. మేనకోడలు మెయిన్ స్విచ్ ఆపి తన తాళం వేసింది. మావయ్య పక్కన నిలబడి, తనకీ ఒక తాళం కావాలన్నాడు. ఇద్దరు పనిచేస్తే ఇద్దరి తాళాలూ ఉండాలని నలభై మూడో పేజీలో ఉందట. ఆమె ఆ పేజీ ఎప్పుడూ చదవలేదు. డ్రాయరు వెతికి ఒకటి తెచ్చిచ్చింది.

ఆయన ఎడమచేత్తో తాళం బిగించి, రెండుసార్లు లాగి చూసి, చెక్క బద్ద అందుకుని మొదటి రోలరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఎటునించి గీకాలే?" అని అడిగాడు.

ఆమె చూపించింది.