హీట్‌గన్ కొట్టిన కార్డు

నరహరి దుకాణంలో కుర్చీ ఒక్కటే ఉంది. దాన్ని అతను రవీంద్ర వైపు జరిపాడు.

కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు కొనుక్కోవడానికి వచ్చింది అనురాధ. పైసలు ఆమె బ్యాగులో ఉన్నాయి. ఏ కార్డు ఎంత వేడెక్కుతుందో, ఏది ఎన్నేళ్లు పనిచేస్తుందో మూడు నెలలుగా చదివి కాగితం మీద రాసుకున్నదీ ఆమే. అయినా నరహరి మాటలన్నీ రవీంద్రతోనే.

"ఎనిమిది జీబీ, తమ్మీ. గీ రేటుకు సూరత్ మొత్తం తిరిగినా దొరకది. నీ మొఖం జూసి ఇస్తున్న."

రవీంద్ర కాలు మీద కాలేసుకుని తలూపాడు. అతను అనురాధకు మేనబావ, మేనత్త బుచ్చవ్వ కొడుకు. సూరత్‌లోనే ఉన్ అనే పేటలో ఉంటాడు, ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని. ఎండాకాలంలో ఇద్దరికీ పెండ్లి చేద్దామని పెద్దవాళ్లు అనుకుంటున్నారు. "కంప్యూటర్ల సంగతి వానికి ఎరుక, వాన్ని తోలుకపో" అని పంపించింది తల్లి ఎల్లవ్వ. అనురాధ ఊరి చివర సచిన్ అనే చోట ఒక ప్రింటింగ్ మిల్లులో పొద్దంతా కంప్యూటర్ ముందే కూర్చుని చీరల అంచులకు డిజైన్లు వేస్తుంది. నాలుగేళ్లుగా అదే పని. ఆ సంగతి తల్లికి ఆ పూట గుర్తుకు రాలేదు.

ఇంట్లో కంప్యూటర్ దాదాపు తయారైంది. డబ్బా, బోర్డు, మెమరీ, స్క్రీను ఒక్కొక్కటే పాతవి ఏరుకుని తెచ్చి బిగించింది. ఆటలు ఆడాలంటే ఇక గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే కావాలి. కొత్తది కొనే తాహతు లేదు. అందుకే ఇంటి దగ్గరి గోడాదరా బజారులో పాత సామాను అమ్మే ఈ దుకాణానికి వచ్చారు.

"అన్నా, ఓసారి కంప్యూటర్‌కు పెట్టి చూపెట్టు," అంది అనురాధ. "పెద్ద ఆట ఏదన్న అర్ధగంట నడిపిద్దాం."

నరహరి రవీంద్రను చూసి నవ్వాడు. రవీంద్ర కూడా నవ్వాడు.

"అర్ధగంటనా? ఆయినకు వేరే గిరాకీ లేదా అనూ? నరహరన్న మన దిక్కోడే. మనోళ్లను మోసం జేస్తడా? దుకాణంల నా ఇజ్జత్ తియ్యకు."

అనురాధ కార్డును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. స్క్రూల తలలు గీసుకుపోయి ఉన్నాయి, ఎవరో విప్పి బిగించిన గుర్తు. వెనకవైపు సరిగ్గా చిప్ ఉండే చోట రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ. మాడిన వాసన కూడా కొద్దిగా వచ్చింది.

"గిక్కడ గిట్లెందుకున్నది?"

రవీంద్ర ఆమె చేతిలోంచి కార్డు తీసేసుకున్నాడు. "దుమ్ము. తుడిస్తె పోతది. పైసలియ్యి, పోదాం."

వద్దని చెప్పి అక్కడినుంచి వచ్చేయాల్సింది. ఆ మాట నాలుక మీదకి వచ్చింది కూడా. కానీ ఇద్దరు మగవాళ్లు తన మొహంలోకే చూస్తున్నారు. పెండ్లి మాటలు నడుస్తున్నాయి. పిల్లకు నోరెక్కువ అని రేపు అత్త అంటుంది, అమ్మ ఏడుస్తుంది. అనురాధ బ్యాగు జిప్పు తీసింది. పైసలు లెక్కపెట్టి ఇస్తుంటే కోపంతో చెవులు వేడెక్కాయి. ఆ కోపం ముందు తన మీదే.

ఆ సాయంత్రం కార్డు బిగించి కార్ల పందెం ఆట పెట్టింది. స్క్రీన్ మీద వాన కురుస్తున్న రోడ్డు, తడి మీద దీపాల వెలుగు, అంతా ఎంతో బాగుంది. మెరుపు టిక్కీలు అతికిస్తున్న చీర పక్కన పెట్టి ఎల్లవ్వ కూడా వచ్చి చూసింది. పదకొండో నిమిషంలో రోడ్డు మీద పచ్చ గళ్లు లేచాయి. గళ్లు గళ్లుగా స్క్రీన్ అంతా నిండి, బొమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

రవీంద్రకు ఫోన్ చేసింది.

"నువ్వేదో తప్పు నొక్కినవ్," అన్నాడు. "సాఫ్ట్‌వేర్ మల్ల ఎయ్యి."

మళ్లీ వేసింది. అదే పదకొండు, పన్నెండు నిమిషాలు. మర్నాడు డబ్బా మూత తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టింది. వైరు మార్చింది. మెమరీ తీసి తుడిచి పెట్టింది. నాలుగు రోజులు మిల్లు నుంచి రావడం, ఇదే పని. ఫోన్ చేసిన ప్రతిసారీ రవీంద్ర ఇంకో తప్పు ఆమె మీదే వేశాడు. నాలుగో రోజు, "ఆడపిల్లకు గివన్ని ఎందుకు, సీరియళ్లు చూసుకోరాదు" అని నవ్వి పెట్టేశాడు. ఫోన్ చేతిలోనే ఉంచుకుని అనురాధ గోడను చూస్తూ నిలబడింది. పళ్లు ఎంత గట్టిగా బిగించిందో దవడ నొప్పి పుట్టేదాకా తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఛుట్టీ పెట్టి, సచిన్ నుంచి బస్సు పట్టుకుని నేరుగా దుకాణానికి వెళ్లింది. ఒక్కతే. కార్డును గల్లా పక్కన పెట్టింది.

"పావుగంట నడుస్తలేదు. వాపస్ తీస్కో."

నరహరి తల ఎత్తకుండానే గోడ మీద హిందీలో రాసిన అట్ట చూపించాడు. అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు.

"గా అట్ట మంచి మాల్ అమ్మినోడు పెట్టుకోవాలె," అంది అనురాధ. "వెనక హీట్‌గన్ కొట్టిన మచ్చ ఉన్నది. చచ్చిన చిప్‌కు వేడి గొట్టి లేపినవ్. ఎన్ని దినాలు నడుస్తదో నీకెరికే."

ఈసారి నరహరి ఆమెను చూశాడు. నిజంగానే ఇదే మొదటిసారి. ఆమె వెనక ఎవరైనా వచ్చారేమోనని బయటికి తొంగి చూశాడు కూడా.

"నా మీద గరమైతవేంది చెల్లె? మీ బావకు అన్ని చెప్పే ఇచ్చిన."

"ఏం చెప్పినవ్?"

"గా కార్డు మీ బావదే గద. నీకు చెప్పలేదా?"

అనురాధకు వెంటనే అర్థం కాలేదు. నరహరి గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. రవీంద్ర కంప్యూటర్‌లో రెండేళ్లు నడిచిన కార్డు అది. దసరా ముందర కాలిపోయింది. ఇక్కడికే తెచ్చాడు. వేడి కొడితే రెండు మూడు వారాలు నడుస్తుంది, ఆపైన భరోసా లేదని నరహరి చెప్పాడు. అట్లాగే కొట్టించుకున్నాడు రవీంద్ర.

"నేను బయటోళ్లకు అమ్మనన్న, నా దుకాణం పేరు పోతది. ఆయిననే అన్నడు, మా ఇంట్ల పిల్ల ఉన్నది, ఏదో లూడో ఆడుకుంటది, దానికేం తెలుస్తదని. నువ్విచ్చిన పైసలు ఆయిన కొన్న కొత్త కార్డు బాకిల జమ జేస్కున్న. ఇంటి ముచ్చట, నాకెందుకనుకున్న."

అనురాధకు ఒక్కసారి అన్నీ కళ్లముందుకు వచ్చాయి. చేతిలోంచి లాక్కోవడం, దుమ్మనడం, నా ఇజ్జత్ తియ్యకనడం. ఈ నాలుగు రోజులూ ఫోన్‌లో అతను నవ్విన నవ్వు. తను స్క్రూలు విప్పుతూ, తప్పు నాదేనేమో అనుకుంటూ కూర్చున్నప్పుడు అతను కొత్త కార్డు మీద ఆడుకుంటున్నాడు. కళ్లు మండాయి, కానీ నీళ్లు రాలేదు. రానివ్వలేదు.

దుకాణంలో ఉన్న ఆ ఒక్క కుర్చీని గల్లా ముందుకు లాక్కుని కూర్చుంది.

"నాకు వేరే కార్డు ఇస్తవా, లేకుంటె ఇక్కడికొచ్చే ప్రతొక్కరికి గీ మచ్చ చూపెట్టుకుంట కూసుండన్నా?"

"చెల్లె, ఇంటి మనుషులు..."

"నేను నీ ఇంటి మనిషిని కాదు. గిరాకీని."

అప్పుడే ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి ఆ కార్డు వైపు చూశారు. అనురాధ దాన్ని తిప్పి మచ్చ పైకి ఉండేలా పెట్టింది. నరహరి గబగబా సొరుగు తెరిచాడు.

నాలుగు కార్డులు బయటికి తీశాడు. ఈసారి ఏరుకున్నది అనురాధ. మొదటిదాని ఫ్యాన్ వేలితో తిప్పితే గరగరమంది, పక్కన పెట్టింది. రెండోదాని స్క్రూలు విప్పి బిగించి ఉన్నాయి, ముట్టుకోలేదు. మూడోది దుకాణం కంప్యూటర్‌కు పెట్టించి బరువైన ఆట నడిపించింది. పదిహేను నిమిషాలకే తొంభై డిగ్రీలు దాటింది. నరహరి చెమట తుడుచుకుంటూ, "గంత పరీక్ష పెండ్లి పిల్లగానికి గూడ పెట్టరు," అన్నాడు. అనురాధ మూడోదీ పక్కన పెట్టింది.

నాలుగోది చిన్న కార్డు. నాలుగు జీబీలే. కాగితం మీద ఆమె రాసుకున్న వాటిలో అది లేనే లేదు. కానీ స్క్రూల మీద కంపెనీ సీలు చెక్కుచెదరలేదు, వెనక శుభ్రంగా ఉంది. గంటసేపు నడిపించింది. డెబ్బై దగ్గర నిలబడింది. గళ్లు లేవు, గీతలు లేవు. మళ్లీ ఇంకో అరగంట.

"ఇది తీస్కుంట. నెల రోజులల్ల ఖరాబైతె వాపస్ అని రాసియ్యి. సంతకం బెట్టు."

నరహరి రాసిచ్చాడు. ఆమె మెట్లు దిగుతుంటే, "రవికి నా పేరు చెప్పకు చెల్లె," అన్నాడు.

"చెప్తా," అంది అనురాధ.

ఐతారం పొద్దున రవీంద్ర ఏమీ జరగనట్టే వాళ్లింటికి వచ్చాడు. వస్తూనే ఆమె కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ఆన్ చేశాడు.

"చూసినవా అత్తమ్మా, మంచిగ నడుస్తుంది. అనూకు నడపరాక నాకు ఫోన్ల మీద ఫోన్లు."

ఎల్లవ్వ నవ్వుతూ చాయ్ తెచ్చింది. అనురాధ అరుగు మీద బట్టలు ఆరేస్తున్నది, లోపలికి వచ్చింది.

"లే బావా."

"జర ఉండు, ఒక్క ఆట."

"లే. గది నీ కార్డు కాదు. కాలిపోయిన నీ కార్డు నరహరి దుకాణంల ఉన్నది. పోయి తెచ్చుకో."

రవీంద్ర చెయ్యి మౌస్ మీద ఆగింది. ఎల్లవ్వ ఒకసారి అతన్ని, ఒకసారి కూతుర్ని చూసింది. అనురాధ గొంతు పెంచకుండా, దసరా ముందర కార్డు కాలిన దగ్గర్నుంచి లూడో మాట దాకా వరసగా చెప్పింది.

రవీంద్ర నవ్వబోయాడు. "మజాక్ జేసిన. గింత దానికి గంత కోపమా? రేపు పెండ్లైనంక నీ కార్డేంది, నా కార్డేంది?"

"పెండ్లి కాదు. లే."

అతను ఎల్లవ్వ మొహం చూశాడు. ఆమె కూతుర్ని మందలిస్తుందని ఎదురుచూశాడు. ఎల్లవ్వ కూతురి వైపే చూస్తున్నది. లేచి చెప్పులేసుకున్నాడు. "గీ పిల్లకు తలకాయ ఎక్కువైంది," అని గడప దాటాక అన్నాడు. బండి చప్పుడు గల్లీ చివరిదాకా వినిపించింది.

"బుచ్చవ్వదినెకు ఏం చెప్పాలె నేను?" అంది ఎల్లవ్వ చాయ్ గ్లాసు తీస్తూ. "కార్డు ఖరాబైందని పెండ్లి వద్దన్నదంటె నవ్వుతరు బిడ్డా."

"ఖరాబైందని కాదు. ఖరాబని ఎరికై నా చేతుల పెట్టిండు. నాలుగు దినాలు తప్పు నాదే అని నాతోని అనిపిచ్చిండు. నువ్వు గూడ వాని మాటే విన్నవ్."

ఆ చివరి మాటకు ఎల్లవ్వ తల దించుకుంది. తర్వాత ఫోన్ తీసుకుని అరుగు మీదకు వెళ్లింది. గొంతు తడబడుతూనే లోపలికి వినిపించింది. "లేదొదినె, కొట్లాట ఏం కాలే. పిల్లకు ఇష్టం లేదు. ఎందుకో నీ కొడుకునే అడుగు." కాసేపాగి అదే మాట మళ్లీ అంది, ఈసారి తడబడకుండా.

అనురాధ కుర్చీలో కూర్చుని ఆట పెట్టింది. అవతల అత్త అరుపులు ఫోన్‌లోంచి సన్నగా వినబడుతూనే ఉన్నాయి. కోపం ఇంకా దిగలేదు. మొదటి మలుపులోనే కారును గోడకు గుద్దింది. మళ్లీ మొదలుపెట్టింది.